ఆయాసం లేని రోజునే అసలు వైద్యం

గోదావరికి కొత్త నీళ్లొచ్చే ముసురు రోజుల్లోనూ, దీపావళి దాటి చలి ముదిరే రోజుల్లోనూ మంథని చుట్టుపక్కల పల్లెల్లో పిల్లల దగ్గులు ఎక్కువవుతాయి. అందులో ఎక్కువ భాగం మామూలు జలుబే, వారంలో పోతుంది. కొందరు పిల్లల దగ్గు మాత్రం వేరు. నడిరాత్రి లేచి కూచుంటారు, ఛాతీలో పిల్లికూతలు వినిపిస్తాయి, డొక్కలు ఎగరేస్తారు. తెల్లారగానే ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గరకు తీసుకుపోతే ఒక సూది, 'గ్యాస్' అని మనం పిలుచుకునే నెబులైజర్, ఒక సిరప్ సీసా. మూడో రోజుకల్లా పిల్లవాడు వాకిట్లో ఆడుకుంటుంటాడు. దమ్ము తగ్గిందని ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకుంటారు. నెల తిరక్కుండా మళ్లీ అదే రాత్రి, అదే పరుగు. పిల్లల అలర్జీ ఉబ్బసం విషయంలో మనం చేస్తున్న పొరపాటంతా ఆ మూడో రోజు దగ్గరే ఉంది. పిల్లవాడు ఆడుకోవడం మొదలుపెట్టగానే వైద్యం అయిపోయిందనుకుంటున్నాం. నిజానికి అప్పుడే మొదలుపెట్టాలి. ఈ మాట ఎందుకు అంటున్నానో, దీనికి వచ్చే అభ్యంతరాలకు ఏం జవాబు ఉందో ఈ ప్రసంగంలో చెబుతాను.

ముందు ఊపిరి గొట్టాల్లో జరిగేదేమిటో చూద్దాం. అలర్జీ ఉన్న పిల్లల్లో గాలి గొట్టాల లోపలి పొర వాచి ఉంటుంది. ఆ వాపు రోజూ ఉంటుంది, పిల్లవాడు నవ్వుతూ బడికి పోయిన రోజు కూడా. వాచిన గొట్టం ఊరికే చిరాకుపడే గొట్టం. కాస్త దుమ్ము, కాస్త పొగ, ఒక జలుబు తగిలితే చాలు, చుట్టూ ఉన్న కండరం బిగుసుకుంటుంది, లోపల కళ్లె ఊరుతుంది, దారి ఇరుకవుతుంది. అప్పుడు మనకు కనిపించేది ఆయాసం. నెబులైజర్లో గానీ, నీలి రంగు ఇన్‌హేలర్లో గానీ వాడే సాల్బ్యుటమాల్ బిగుసుకున్న కండరాన్ని నిమిషాల్లో వదులు చేస్తుంది. నాలుగైదు గంటలు దాని ప్రభావం ఉంటుంది. వాపు జోలికి మాత్రం అది పోదు. వాపును తగ్గించేవి బ్యుడెసొనైడ్, బెక్లోమెథసోన్, ఫ్లూటికసోన్ వంటి పీల్చే స్టెరాయిడ్లు. వాటిని నివారణ మందులంటాం. ఇవి గంటలో ఫలితం చూపవు. రోజూ వాడితే వారాల్లో వాపు అణుగుతుంది. పెంకుటిల్లు కురిసినప్పుడల్లా కింద గిన్నె పెట్టడం వేరు, ఎండాకాలంలోనే కప్పెక్కి పెంకులు సర్దుకోవడం వేరు. మనం ఏళ్ల తరబడి గిన్నెలు మారుస్తున్నాం.

ఇది నా ఊహ కాదు, లెక్కలున్నాయి. 2019 అంచనాల ప్రకారం ప్రపంచంలో 26 కోట్ల మందికి పైగా ఉబ్బసం ఉంటే, మన దేశంలో ఉన్నది సుమారు 3.4 కోట్ల మంది, అంటే ప్రపంచంలోని ఉబ్బసం రోగుల్లో నూటికి 13 మంది. ఉబ్బసంతో చనిపోయేవారిలో మాత్రం మన వాటా నూటికి 40 దాటింది. రోగం మనకొక్కరికే ఇంత కఠినంగా ఎందుకుండాలి? గ్లోబల్ ఆస్తమా నెట్‌వర్క్ తరఫున దేశంలోని తొమ్మిది కేంద్రాల్లో పిల్లల్నీ తల్లిదండ్రుల్నీ అడిగి చేసిన అధ్యయనం 2022లో వెలువడింది. అందులో పిల్లికూతలున్నవాళ్లలో నూటికి 82 మందికి తమది ఉబ్బసమని ఏ వైద్యుడూ చెప్పలేదు. లక్షణాలు తీవ్రంగా ఉన్నవాళ్లలోనూ నూటికి 70 మందిది అదే పరిస్థితి. రోజూ నివారణ ఇన్‌హేలర్ వాడుతున్నవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. కెనడాలోని సస్కాచెవాన్‌లో 5 నుంచి 44 ఏళ్ల ఉబ్బసం రోగుల రికార్డులు పరిశీలించి 2000లో ప్రచురించిన ఫలితం దీనికి ఎదురుగా పెట్టి చూడండి. ఏడాదిలో నివారణ ఇన్‌హేలర్ ఒక్క డబ్బా అదనంగా వాడినకొద్దీ మరణాల రేటు 21 శాతం చొప్పున తగ్గుతూ వచ్చింది. ఫిన్లాండు దేశం 1994లో జాతీయ కార్యక్రమం పెట్టి, రోగాన్ని తొందరగా గుర్తించి మొదటి నుంచే వాపు తగ్గించే మందు ఇవ్వాలని పల్లె నర్సుల దాకా శిక్షణ ఇచ్చింది. 1993లో ఉబ్బసం వల్ల ఆసుపత్రి పడకల మీద గడిచిన రోజులతో పోలిస్తే పదేళ్లకు అవి 54 శాతం తగ్గాయి. అక్కడ చలి తగ్గలేదు, పుప్పొడి తగ్గలేదు. మారింది వైద్యం పద్ధతి.

స్టెరాయిడ్ అనగానే తల్లిదండ్రుల గుండెల్లో రాయి పడుతుంది. ఎదుగుదల ఆగిపోతుంది, ఎముకలు పెళుసవుతాయి, జీవితాంతం వదలదు అని చుట్టుపక్కలవాళ్లు చెబుతారు. భయం నిరాధారమేమీ కాదు, కనుక కొట్టిపారేయకుండా కొలిచి చూడాలి. అమెరికాలో 5 నుంచి 13 ఏళ్లలోపు పిల్లలు వెయ్యిమందికి పైగా పాల్గొన్న ఒక పెద్ద పరీక్షలో, కొందరికి నాలుగు నుంచి ఆరేళ్ల పాటు రోజూ 400 మైక్రోగ్రాముల బ్యుడెసొనైడ్ ఇచ్చారు. వాళ్లు పెద్దయ్యాక ఎత్తు కొలిచి 2012లో ఫలితం చెప్పారు. మందు వాడనివాళ్లకంటే సగటున 1.2 సెంటీమీటర్లు తక్కువ, అంటే అర అంగుళం కూడా లేదు. ఆ తేడా మొదటి రెండేళ్లలో వచ్చినదే, ఏటేటా పెరుగుతూ పోలేదు. చాలామంది పిల్లలకు ఆ మోతాదులో సగమో, అంతకంటే తక్కువో సరిపోతుంది. ఇక రెండో పక్క చూడండి. ఆయాసం ముదిరినప్పుడు 20 కిలోల పిల్లవాడికి నోటి ద్వారా ఇచ్చే ప్రెడ్నిసొలోన్ రోజుకు 20 మిల్లీగ్రాములైనా ఉంటుంది. మందులు వేరైనా తూకంలో అది రోజుకు 200 మైక్రోగ్రాముల చొప్పున పీల్చే మందు 100 రోజులకు సమానం. ముదిరిన ఆయాసంలో ఆ నోటి మందు ప్రాణం కాపాడుతుంది, అప్పుడు వద్దనకూడదు. కానీ ఏడాదికి ఏడెనిమిది సార్లు సూదిలోనో బిళ్లలోనో పేరు తెలియని స్టెరాయిడ్ ఒళ్లంతా పారించి, గొట్టం వరకే చేరే చిన్న మోతాదుకు భయపడటంలో న్యాయం లేదు. స్టెరాయిడ్ వద్దనుకునే తల్లిదండ్రులే తెలియకుండా ఎక్కువ స్టెరాయిడ్ వాడిస్తున్నారు. ఇది నన్ను అన్నిటికంటే ఎక్కువగా బాధించే విషయం.

ఇన్‌హేలర్ అలవాటైతే మానలేరన్నది రెండో అభ్యంతరం. అది ఆఖరి దశలో వాడేదని, ఆడపిల్లకైతే సంబంధాలు రావని కూడా అంటారు. నివారణ మందు మత్తు కలిగించదు, ఇంకా ఇంకా కావాలనిపించదు. మూడు నెలలు రోగం పూర్తిగా అదుపులో ఉంటే డాక్టరే మోతాదు తగ్గించుకుంటూ వస్తారు. మానేస్తే మళ్లీ వచ్చేది రోగం, మందు మీద మోజు కాదు. ఇక ఆఖరి దశ మాట. ఇన్‌హేలర్ ఒక్క పఫ్‌లో సాల్బ్యుటమాల్ 100 మైక్రోగ్రాములు ఉంటుంది. చిన్న బిళ్ల ఒక్కటి మింగితే 2 మిల్లీగ్రాములు, అంటే 20 రెట్లు. బిళ్ల కడుపులోకి, రక్తంలోకి, గుండెలోకి తిరిగి చివరికి ఊపిరి గొట్టాలకు చేరుతుంది. గుండె దడ, చేతుల వణుకు అందుకే. తేలిక మందు ఏదని అడిగితే తేలికైనది ఇన్‌హేలరే. దాపరికం గురించి ఒక్క మాట. జబ్బు పేరు దాచిన ఇంట్లో మందు కూడా బీరువాలో దాక్కుంటుంది. అప్పుడు ఆయాసం వచ్చిన ఆడపిల్ల బడిలో ఎవరికీ చెప్పలేకపోతుంది.

ఇన్‌హేలర్ ఇచ్చినా పనిచేయలేదని చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లు అబద్ధం చెప్పడం లేదు. డబ్బా నొక్కగానే మందు చాలా వేగంగా దూసుకొస్తుంది. పిల్లవాడు నొక్కడానికీ పీల్చడానికీ జత కుదర్చలేడు, మందంతా నాలుక మీద, గొంతు వెనక అంటుకుపోతుంది. అందుకే మధ్యలో స్పేసర్ అనే ప్లాస్టిక్ గొట్టం పెట్టాలి. మందు అందులో నిలుస్తుంది, పిల్లవాడు తాపీగా పీలుస్తాడు. పద్ధతి ఇలా ఉంటుంది. డబ్బాను బాగా ఊపాలి, స్పేసర్‌కు బిగించాలి, పిల్లవాడు పెదాలతో దాని మూతిని గట్టిగా మూయాలి, ఒక్కసారి నొక్కాలి, నిదానంగా అయిదారు ఊపిర్లు తీయాలి. రెండో పఫ్ కావాలంటే మళ్లీ ఊపి మళ్లీ మొదలుపెట్టాలి, రెండూ ఒకేసారి నొక్కకూడదు. నాలుగేళ్లలోపు పిల్లలకు ముక్కూ నోరూ కప్పే మాస్కు తగిలించాలి. నివారణ మందు వాడాక నోరు పుక్కిలించి ఉమ్మించాలి, లేకుంటే నోట్లో పూత వస్తుంది. స్పేసర్ కొనే స్తోమత లేనివాళ్ల సంగతి? దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్ పిల్లల వైద్యులు 1999లో ఈ ప్రశ్నకు జవాబు చూపారు. అర లీటరు శీతల పానీయం సీసా అడుగున ఇన్‌హేలర్ మూతి సరిగ్గా పట్టేలా వేడి తీగతో రంధ్రం చేసి, సందు లేకుండా మూసి, సీసా మూతి నుంచి పిల్లలతో పీల్పించారు. దుకాణంలో కొన్న స్పేసర్‌తో సమానంగా పనిచేసింది. సందు మూయని సీసా అంతగా పనిచేయలేదు. సీసాను సబ్బు నీళ్లతో కడిగి, తుడవకుండా నీడలో ఆరనివ్వాలి. తుడిస్తే మందు ప్లాస్టిక్‌కు అంటుకుంటుంది.

ఇదంతా చేయాలంటే ముందు రోగానికి పేరు పెట్టాలి. మన దగ్గర ఆయాసం వచ్చిన ప్రతిసారీ 'నిమ్ము చేరింది' అంటారు, యాంటీబయాటిక్ సీసా మారుస్తారు. అన్నీ ఉబ్బసాలు కావన్నది నిజమే. అమెరికాలోని టుసాన్‌లో పుట్టినప్పటి నుంచి పిల్లల్ని గమనిస్తూ వచ్చిన అధ్యయనం 1995లో చెప్పింది: మూడేళ్లలోపు పిల్లికూతలు వచ్చిన పిల్లల్లో నూటికి దాదాపు 60 మందికి ఆరేళ్లకల్లా అవి పోయాయి. జలుబు చేసినప్పుడు మాత్రమే వచ్చి పోయే పసిపిల్లల కూతలకు ఏళ్ల తరబడి మందు అక్కర్లేదు. జలుబు లేకున్నా వస్తుంటే, నవ్వినా పరిగెత్తినా దగ్గు వస్తుంటే, ముక్కు కారడం, తుమ్ములు, ఒంటిమీద ఎగ్జిమా లాంటి అలర్జీ ఉంటే, తల్లిదండ్రుల్లో ఒకరికి ఉబ్బసం ఉంటే అనుమానించాలి. ఇంట్లోనే వేసుకోదగ్గ ప్రశ్నలు నాలుగు ఉన్నాయి. గడిచిన నాలుగు వారాల్లో పగటిపూట ఆయాసం వారానికి రెండుసార్లు మించిందా? రాత్రి దగ్గుతో లేచాడా? నీలి రంగు ఉపశమన ఇన్‌హేలర్ వారానికి రెండుసార్లు మించి కావలసి వచ్చిందా? ఆటల్లో వెనకబడుతున్నాడా? ఒక్కదానికి అవునన్నా రోగం అదుపులో లేనట్టే.

మందు వాడుతూ ఇంట్లో దుమ్ము పెంచుకుంటే ప్రయోజనం సగమే. ఇక్కడ అందరి వేలూ బొగ్గు వైపు చూపిస్తుంది. రామగిరి ఓపెన్‌కాస్టులు, లారీల రోడ్లు, రామగుండం థర్మల్ కేంద్రం ఉండగా ఇంట్లో ఏం చేసినా ఏముందని అడుగుతారు. ఆ దుమ్ము ఉబ్బసం పిల్లలకు చేటేనన్నది వాస్తవం. రోడ్ల మీద నీళ్లు చల్లించమని, లారీలపై పట్టాలు కప్పించమని అడగడం ఆ ఊళ్ల హక్కు. కానీ అలర్జీకి అసలు మూలాలు చాలావరకు గోడల లోపలే ఉంటాయి. మన ఇళ్లలో పాత చీరలతో కుట్టిన బొంతను తీసుకోండి. ఎండాకాలమంతా అటక మీద మడిచి ఉంటుంది, ముసురు పట్టగానే దింపి పిల్లవాడి మీద కప్పుతాం. మనిషి ఒంటినుంచి రాలే పొట్టు తిని, తేమలో బతికే దుమ్ము పురుగులకు అంతకంటే మంచి ఇల్లు లేదు. అవి మిల్లీమీటరులో మూడో వంతు కూడా ఉండవు, కంటికి ఆనవు. ఎండకు వేస్తే పురుగు చస్తుంది, కానీ అలర్జీ తెప్పించే దాని మలం గుడ్డలోనే ఉంటుంది. అందుకే ఎండతో పాటు ఉతుకు కూడా కావాలి. పిల్లవాడు కప్పుకునేవి వారానికోసారి చెయ్యి పెట్టలేనంత వేడి నీళ్లలో నానబెట్టి ఉతకాలి. ఉతకలేనంత మందపు బొంత ఆ పిల్లవాడికి ఇవ్వకూడదు.

గోదావరి ఒడ్డున దోమలు లేకుండా ఉండవు. దోమల కాయిల్ ఒకటి పూర్తిగా కాలితే 75 నుంచి 137 సిగరెట్లు కాల్చినంత సన్నని ధూళి వెలువడుతుందని 2003లో చైనా, మలేసియా కాయిళ్లను పరీక్షించి తేల్చారు. తలుపులు మూసిన గదిలో బిడ్డ పక్కన దాన్ని వెలిగించడం కంటే దోమతెర కట్టడం ఎన్నో రెట్లు మేలు. బీడీ వాకిట్లో తాగినా పొగ ఇంట్లోకే వస్తుంది. కట్టెల పొయ్యి పొగలో పిల్లవాడిని వెచ్చగా ఉంటుందని కూర్చోబెట్టకూడదు. చేలల్లో పత్తి కట్టె, వరి కొయ్యలు కాల్చే రోజుల్లో ఈ పిల్లల్ని అటు పంపొద్దు. 1955లో పుణె దగ్గర మొదట గుర్తించిన వయ్యారిభామ కలుపు మొక్క నేడు మన బడుల ప్రహరీల వెంట కూడా పెరుగుతోంది. పూత రాకముందే, పిల్లల చేత కాకుండా పెద్దవాళ్లే చేతులకు తొడుగులు వేసుకుని పీకాలి.

ఇక మృగశిర కార్తె. ఉబ్బసానికని హైదరాబాదులో బత్తిని కుటుంబం పంచే చేప ప్రసాదం కోసం ఏటా జూన్ మొదటి వారం దాటగానే మన జిల్లాల నుంచి కూడా రైళ్లలో, బస్సుల్లో నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌కు పోతారు. 1845 నుంచి వస్తున్నదని ఆ కుటుంబం చెబుతుంది. డబ్బు తీసుకోరు, వాళ్ల సేవాభావాన్ని శంకించే పని నాకు లేదు. ఒకప్పుడు చేప మందు అన్నదాన్ని ఇప్పుడు ప్రసాదం అంటున్నారు. వేసుకున్న పిల్లల్నీ, వేసుకోని పిల్లల్నీ పక్కపక్కన ఉంచి, ఇది ఉబ్బసాన్ని తగ్గిస్తుందని చూపిన పరీక్ష ఏదీ లేదు. మరి తగ్గిందని చెప్పేవాళ్లంతా? ఉబ్బసం సహజంగానే పెరిగి తగ్గే జబ్బు. బాగా ఎక్కువైనప్పుడే మనం దూరం ప్రయాణం కడతాం, ఎక్కువైనది ఎలాగూ కొంత తగ్గుతుంది. మూడేళ్లు వరసగా వేసుకోమంటారు, ఆ మూడేళ్లలో కొందరు పిల్లలకు వయసుతోనే రోగం నెమ్మదిస్తుంది. నమ్మకం ఉన్నవాళ్లను ఆపమని నేను అనను. ప్రసాదం వేసుకున్నామని ఇన్‌హేలర్ ఆపితే మాత్రం ఆ బిడ్డను ప్రమాదంలోకి నెట్టినట్టే. ఈ విషయంలో రాజీ పడలేను.

పథ్యం పేరుతో పెరుగు, అరటిపండు, గుడ్డు అన్నీ మాన్పించడం మరో నష్టం. ఫలానాది తిన్న ప్రతిసారీ ఆయాసమో దద్దుర్లో వస్తే తప్ప మాన్పించకూడదు, అసలే బక్కచిక్కిన పిల్లలు. అలర్జీ పరీక్షలు కూడా అందరికీ అవసరం లేదు. వేలు ఖర్చు పెట్టి పొడవాటి జాబితా తెచ్చుకున్నా, పిల్లవాడి లక్షణాలతో అది కలవకపోతే దానికి విలువ లేదు. ఉబ్బసానికి వాడే మాంటెలుకాస్ట్ సిరప్ మన దుకాణాల్లో నీళ్లలా అమ్ముడవుతోంది. పీల్చే మందంత బలంగా అది పనిచేయదు. పైగా కొందరు పిల్లల్లో నిద్ర చెడటం, చిరాకు, మనసు కుంగడం కనిపిస్తుండటంతో 2020లో అమెరికా ఔషధ సంస్థ దానిపై తీవ్ర హెచ్చరిక పెట్టింది. డాక్టరు చెబితేనే, చెప్పినన్నాళ్లే వాడాలి.

ఖర్చు మాట మిగిలింది. బ్యుడెసొనైడ్, సాల్బ్యుటమాల్ ఇన్‌హేలర్లు రెండూ దేశ అత్యవసర మందుల జాబితాలో ఉన్నాయి, వాటి ధరపై ప్రభుత్వ నియంత్రణ ఉంది. జన ఔషధి దుకాణాల్లో ఇంకా తక్కువకు అడగవచ్చు. నెలకోసారి సూది, నెబులైజర్, ఆటో ఖర్చు, పోయిన కూలి కలిపి లెక్కేస్తే రోజువారీ మందే చౌక. అయినా పేదింటివాళ్లను కొనుక్కోమని వదిలేయడం సరికాదు. మంథని ప్రభుత్వ ఆసుపత్రి నుంచి ఆదిలాబాద్ ఏజెన్సీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రం దాకా నివారణ ఇన్‌హేలర్, స్పేసర్ ఎప్పుడూ నిల్వ ఉండాలి. బీపీ, షుగరు మందులు నెలనెలా ఇస్తున్న వ్యవస్థకు ఇది అసాధ్యం కాదు. గురుకులాల్లో, ఆశ్రమ పాఠశాలల్లో చదివే పిల్లల ఉపశమన ఇన్‌హేలర్ ట్రంకు పెట్టెలో తాళం వేసి ఉండకూడదు, పిల్లవాడి అందుబాటులో ఉండాలి. వార్డెనుకూ ఏఎన్ఎంకూ దాన్ని వాడించడం తెలిసి ఉండాలి.

చివరిగా తల్లిదండ్రులకు ఒక అభ్యర్థన. ఆయాసం తగ్గిన వారంలోనే బిడ్డను పిల్లల డాక్టరు దగ్గరకు తీసుకెళ్లండి. ఇది ఉబ్బసమేనా, రోజూ వాడే నివారణ మందు కావాలా, స్పేసర్‌తో ఎలా పీల్చాలో చేసి చూపిస్తారా, ఆయాసం వస్తే ఇంట్లో ఏం చేయాలో కాగితం మీద రాసిస్తారా, ఈ నాలుగూ అడగండి. మాటకు మాటకు మధ్య ఊపిరాడకపోయినా, పక్కటెముకల మధ్య చర్మం లోపలికి గుంజుకుపోయినా, పెదాలు నీలంగా మారినా, పిల్లవాడు మగతగా పడిపోయినా ఇంకెవరి సలహా కోసమూ ఆగకండి. వెంటనే 108కు ఫోన్ చేయండి. డాక్టరు రాసిచ్చిన మోతాదులో ఉపశమన ఇన్‌హేలర్‌ను స్పేసర్‌తో ఒక్కొక్క పఫ్ చొప్పున ఇవ్వండి. బిడ్డను పడుకోబెట్టకండి, కూర్చోబెట్టే ఆసుపత్రికి తీసుకెళ్లండి.